ఆహారం ఆగితే ఇన్సులిన్ సంగతి అడగండి



వ్యాధిగ్రస్తుణ్ణి పరామర్శించడం ఒక ముస్లిం మీద మరొక ముస్లింకు గల హక్కుల్లో ఒకటి. ఆ హక్కును నెరవేర్చే ఉద్దేశంతోనే గడచిన వేసవిలో మేము గుంటూరులోని ఒక ఆసుపత్రికి వెళ్లాము. గురజాల దగ్గరి పల్లె నుంచి తీసుకువచ్చిన ఒక పెద్దాయన అక్కడ ఐ.సి.యు.లో ఉన్నారు. మిరప సాగు చేసుకునే మనిషి. పదిహేనేళ్లుగా మధుమేహం ఉంది. పక్షవాతం వచ్చి స్పృహ తప్పడంతో మొదట సమీపంలోని ఒక ఆసుపత్రిలో చేర్చారు. మింగే శక్తి పోయినందున అక్కడ ముక్కు ద్వారా గొట్టం వేసి ఆహారం ఇచ్చారు. మూడవ రోజు గుంటూరుకు తీసుకువెళ్లమన్నారు.

ఆ ఉదయం జరిగినది ఆయన కుమార్తె మాకు ఇలా చెప్పింది: "చాచా, పొద్దున ఆరింటికి షుగర్ 290 ఉందని ఇన్సులిన్ సూది వేశారు. ఎనిమిదింటికి గొట్టంలో పాలు పోయాలి. అంబులెన్స్ వస్తోంది, దారిలో వాంతి అయితే ప్రమాదం అని పోయవద్దన్నారు. అంబులెన్స్ వచ్చేసరికి పదిన్నర అయింది. ఇక్కడికి చేరేసరికి ఒంటిగంట దాటింది. దారి పొడుగునా అబ్బా నిద్రపోతున్నారనే అనుకున్నాం."

అది నిద్ర కాదు. గుంటూరులో చేర్చుకునేటప్పుడు రక్తం పరీక్షిస్తే షుగర్ 38 ఉంది. వెంటనే నరంలోకి గ్లూకోజు ఎక్కించారు. అల్లాహ్ దయవల్ల ఆయన బతికి బయటపడ్డారు. ఉదయం షుగర్ ఎక్కువగా ఉన్నప్పుడు ఇన్సులిన్ వేయడం సరైన పనే. ప్రయాణానికి ముందు గొట్టంలో ఆహారం ఆపడమూ సరైన పనే. ఈ రెండింటినీ కలిపి చూసిన మనిషి మాత్రం ఆ రోజు ఒక్కరూ లేకపోయారు.

ఆ ఒక్క మనిషి ఇంటివారిలో ఎవరైనా కావచ్చుననే ఆశతో ఈ నెల శీర్షికను ఈ విషయానికి కేటాయించాము.

గొట్టం ఎందుకు?

రోగి ముక్కులో గొట్టం చూడగానే మన ఇళ్లలో చాలామంది ఆశ వదులుకుంటారు. "నోటికి ముద్ద అందని స్థితికి వచ్చారే" అని కుమిలిపోతారు. వాస్తవానికి గొట్టం ఆశ ఉన్నందువల్లే వేస్తారు. తీవ్ర వ్యాధిలో శరీరం తన కండరాలను తానే కరిగించుకుంటుంది. శ్వాస కండరాలు నీరసిస్తే వెంటిలేటర్ నుంచి బయటపడటం కష్టమవుతుంది. పేగుకు ఆహారం అందకపోతే దాని లోపలి పొర బలహీనపడుతుంది. కనుకనే రక్తపోటు కుదుటపడిన రోగికి ఐ.సి.యు.లో చేరిన 24 నుంచి 48 గంటల్లోపు గొట్టం ద్వారా కొద్దికొద్దిగా ఆహారం మొదలుపెట్టడం నేటి వైద్య విధానం. పేగు పనిచేస్తున్నంత వరకు నరం ద్వారా ఇచ్చే పోషణ కన్నా పేగు ద్వారా ఇచ్చేదానికే వైద్యులు మొదటి స్థానం ఇస్తారు.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. 12వ శతాబ్దంలో అందలూసియాలోని ఇషబీలియా నగరంలో, అంటే నేటి స్పెయిన్‌లోని సెవిల్‌లో, జీవించిన ముస్లిం వైద్యుడు ఇబ్ను జుహ్ర్ మింగలేని రోగికి వెండి గొట్టం ద్వారా ద్రవాహారం ఇచ్చే విధానాన్ని తన 'అత్తైసీర్' గ్రంథంలో వివరించారు. నేడు మన నర్సులు 'రైల్స్ ట్యూబు' అని పిలిచే మెత్తని గొట్టానికి ఇంగ్లాండు వైద్యుడు జాన్ రైల్ పేరు వచ్చింది. ఆయన దానిని మొదట జీర్ణాశయ రసాన్ని బయటకు తీసి పరీక్షించడానికి రూపొందించారు. తరువాత అదే గొట్టం లక్షలాది రోగులకు అన్నం పెట్టే దారి అయింది.

ఎంత ఆహారం అన్నదీ తెలుసుకోవాలి. 60 కిలోల మనిషికి మొదటి రోజుల్లో తక్కువగా మొదలుపెట్టి, వ్యాధి కుదుటపడ్డాక క్రమంగా రోజుకు సుమారు 1500 క్యాలరీలు, 70 గ్రాములకు పైగా మాంసకృత్తులు అందేలా చూస్తారు. గంజి తేట, పలుచని పప్పుకట్టు ఎన్ని గ్లాసులు పోసినా ఈ లెక్క అందదు. లీటరు పాలలో ఉండేది సుమారు 32 గ్రాముల మాంసకృత్తులు. ఒక కోడిగుడ్డులో ఆరు గ్రాములు. ఆసుపత్రివారు పొడి కలిపి ఇచ్చే ఆహారం ఖరీదైనదని దాన్ని సగానికి పలుచన చేసి పోసే కుటుంబాలను మేము చూశాము. డబ్బు కష్టమైతే ఆ మాట ఆహార నిపుణులతో చెప్పండి. పాలు, గుడ్డు, పెసరపప్పు, నూనెతో లెక్క కుదిర్చి చెప్పగలరు. మీ అంతట మీరు పలుచన చేస్తే రోగి ఆకలితో ఉంటాడు, పైగా ఆ ఆకలి ఎవరికీ కనిపించదు.

వారాల తరబడి సరిగా తినని మనిషికి మాత్రం ఒక్కసారిగా పూర్తి ఆహారం పెట్టరాదు. అలా పెడితే రక్తంలో ఫాస్ఫరస్, పొటాషియం హఠాత్తుగా పడిపోయి గుండె లయ తప్పవచ్చు. "ఇంత కొంచెమే పోస్తున్నారేమిటి?" అని నర్సు మీద కోపగించుకునే ముందు కారణం అడగండి.

మధుమేహం లేనివారికీ షుగర్ ఎందుకు పెరుగుతుంది?

తీవ్రమైన ఇన్ఫెక్షన్, పెద్ద గాయం, పక్షవాతం, గుండెపోటు వంటి ఆపద వచ్చినప్పుడు శరీరం కార్టిసాల్, అడ్రినలిన్ అనే హార్మోన్లను కుమ్మరిస్తుంది. అవి కాలేయం నుంచి గ్లూకోజును రక్తంలోకి వదిలిస్తాయి, ఇన్సులిన్‌ను సరిగా పనిచేయనివ్వవు. స్టెరాయిడ్ మందులు దీనికి మరింత తోడవుతాయి. 2021లో కోవిడ్ రెండవ ఉప్పెన వేళ స్టెరాయిడ్లు, అదుపు తప్పిన షుగర్ కలిసి బ్లాక్ ఫంగస్‌కు దారితీయడం మన రాష్ట్రమూ కళ్లారా చూసింది. ఇంతకు ముందే మధుమేహం ఉందా, లేక ఈ ఆపద వల్లనే షుగర్ పెరిగిందా అన్నది గడచిన మూడు నెలల సగటును చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్షతో చాలావరకు తేలుతుంది.

షుగర్ మరీ ఎక్కువగా ఉంటే ఇన్ఫెక్షన్లు ముదురుతాయి, గాయాలు మానవు, మూత్రం ఎక్కువై శరీరం ఎండిపోతుంది. అందువల్ల ఇన్సులిన్ ఇస్తారు. మింగలేని రోగికి మాత్రలు ఎందుకు వేయరు అని అడిగేవారికి జవాబు ఇదే. తీవ్ర వ్యాధిలో మాత్రల ప్రభావం ఊహకు అందదు, ఇన్సులిన్ మోతాదును మాత్రం గంట గంటకూ సరిచేయవచ్చు.

ఇన్సులిన్ గురించి మన ఇళ్లలో తరచు వినిపించే ఒక సందేహం ఉంది. పూర్వం పంది, పశువుల క్లోమాల నుంచి ఇన్సులిన్ తీసేవారు. 1982లో సూక్ష్మజీవుల సాయంతో తయారైన మానవ ఇన్సులిన్ వాడుకలోకి వచ్చింది. నేడు మన ఆసుపత్రుల్లో వాడేది సాధారణంగా ఈ పద్ధతిలో తయారయ్యేదే. ఈ అనుమానంతో సూదిని ఆలస్యం చేయవలసిన అవసరం లేదు.

షుగర్ ఎంత ఉండాలి?

"సాధారణ మనిషికి వంద ఉంటుంది కదా, మా అమ్మకు 170 ఉంటే ఎలా వదిలేశారు?" అని ఐ.సి.యు. గుమ్మం దగ్గర వాదించేవారిని చూస్తుంటాము. ఆ ప్రశ్న వైద్యలోకం కూడా వేసుకున్నదే.

2001లో బెల్జియంలోని లువెన్ నగరంలో 1548 మంది రోగులపై ఒక అధ్యయనం జరిగింది. వారిలో ఎక్కువమంది గుండె శస్త్రచికిత్స వంటి ఆపరేషన్లు అయినవారు. షుగర్‌ను ఇన్సులిన్‌తో 80 నుంచి 110 మధ్యనే గట్టిగా పట్టి ఉంచినవారిలో ఐ.సి.యు. మరణాలు 8 శాతం నుంచి 4.6 శాతానికి తగ్గాయి. ప్రపంచమంతటా ఆసుపత్రులు ఆ దారి పట్టాయి. అటుపిమ్మట ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, కెనడా తదితర దేశాల్లో 6104 మందిపై జరిగిన మరింత పెద్ద అధ్యయనం 2009లో వెలువడింది. అందులో షుగర్‌ను గట్టిగా పట్టిన వర్గంలో 90 రోజుల్లోపు 27.5 శాతం మంది మరణించగా, 180 లోపు ఉంటే చాలు అనుకున్న వర్గంలో 24.9 శాతం మంది మరణించారు. షుగర్ 40కి పడిపోవడం మొదటి వర్గంలో 6.8 శాతం మందికి జరిగింది, రెండవ వర్గంలో 0.5 శాతం మందికే జరిగింది.

ఆ తరువాత వైద్యులు మధ్యేమార్గాన్ని అనుసరిస్తున్నారు. షుగర్ 180 దాటి నిలకడగా ఉంటే ఇన్సులిన్ మొదలుపెట్టి, చాలామంది రోగుల్లో 140 నుంచి 180 మధ్య ఉంచుతారు. కనుక మీ తల్లికి 170 ఉండటం నిర్లక్ష్యం కాదు. ఆ అంకెను వందకు దించమని పట్టుబట్టడమే ఆమెకు హాని కావచ్చు.

తెలివిలో ఉన్న మధుమేహికి షుగర్ పడిపోతే చెమట పడుతుంది, వణుకు వస్తుంది, "కళ్లు తిరుగుతున్నాయి" అని చెబుతాడు. స్పృహ లేని రోగి ఏమీ చెప్పలేడు. మత్తుమందు, పక్షవాతం, నిద్ర, షుగర్ పడిపోవడం అన్నీ పైకి ఒకేలా కనిపిస్తాయి. మెదడుకు ప్రధాన ఇంధనం గ్లూకోజే. అది చాలాసేపు అందకపోతే కలిగే నష్టాన్ని తిరిగి పూడ్చలేము. ఆ రోగికి మాట్లాడే నాలుక పరీక్ష చేసిన రక్తపు చుక్క మాత్రమే.

జతగా నడిచే రెండు

గొట్టంలో పోసే ఆహారమూ, ఇన్సులిన్ సూదీ ఒకే కాడికి కట్టిన ఎడ్ల జత. ఒకటి ఆగి రెండవది నడిస్తే బండి బోల్తా పడుతుంది. చర్మం కింద వేసిన మామూలు ఇన్సులిన్ దాదాపు ఐదు నుంచి ఎనిమిది గంటలు పనిచేస్తుంది. మరికొన్ని రకాలు పన్నెండు గంటలు, పూర్తి రోజు కూడా పనిచేస్తాయి. ఆహారం ఆపినంత మాత్రాన ఒంట్లోకి వెళ్లిన ఇన్సులిన్ ఆగదు.

గొట్టంలో ఆహారం ఆగే సందర్భాలు ఐ.సి.యు.లో చాలా ఉంటాయి. స్కానింగుకు తీసుకువెళ్లాలి, ఆపరేషన్ ఉంది, శ్వాసగొట్టం తీయాలి, వాంతి అయింది, పొట్ట ఉబ్బింది, గొట్టం మూసుకుపోయింది, రోగి తానే దాన్ని లాగేసుకున్నాడు. వీటిలో ఏది జరిగినా జాగ్రత్తగల సిబ్బంది మూడు పనులు చేస్తారు. తరువాతి ఇన్సులిన్ మోతాదును తగ్గించడమో ఆపడమో చేస్తారు. ఒంట్లో ఇన్సులిన్ ఇంకా ఉంటే నరం ద్వారా 10 శాతం డెక్స్‌ట్రోస్ సెలైన్ పెడతారు. షుగర్ పరీక్షను మరింత తరచుగా చేస్తారు.

అయితే షిఫ్టు మారే వేళ, రద్దీ ఎక్కువైన రాత్రివేళ ఎంత మంచి సిబ్బందికైనా ఒక మాట మరుగున పడవచ్చు. కుటుంబం నుంచి ఒకరు వినయంగా ఈ మూడు ప్రశ్నలు అడగవచ్చు:

ఆఖరిసారి ఇన్సులిన్ ఎప్పుడు, ఎంత ఇచ్చారు?

ఆహారం ఎంతసేపు ఆపుతున్నారు? బదులుగా గ్లూకోజు సెలైన్ పెడుతున్నారా?

మళ్లీ షుగర్ ఎప్పుడు చూస్తారు?

ఇది వైద్యుల పనిలో జోక్యం కాదు. ఈ మూడింటికీ సిబ్బంది దగ్గర జవాబు సిద్ధంగానే ఉండాలి. ఏ కారణం చేతనైనా లేకపోతే మీ ప్రశ్నే గుర్తుచేస్తుంది.

పల్నాటి దారి

2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా ఏర్పడింది. అయినా వ్యాధి ముదిరితే మన దారి చాలాసార్లు గుంటూరుకే. మాచర్ల నుంచి రెంటచింతల, గురజాల, పిడుగురాళ్ల, సత్తెనపల్లి మీదుగా గుంటూరు చేరాలంటే నూరు కిలోమీటర్లు దాటుతుంది. అంబులెన్స్ కోసం వేచి ఉండే సమయం, ప్రయాణం, అక్కడ చేర్చుకునే కాగితాల పని కలిపితే సగం రోజు గడుస్తుంది. ఆ సగం రోజూ గొట్టం మూసే ఉంటుంది. మేము చెప్పిన పెద్దాయనకు ఆపద వచ్చింది సరిగ్గా ఈ వ్యవధిలోనే.

కనుక ఒక ఆసుపత్రి నుంచి మరొక ఆసుపత్రికి రోగిని తీసుకువెళ్లేటప్పుడు డిశ్చార్జి కాగితంపై నాలుగు విషయాలు రాయించుకోండి: ఆఖరి ఇన్సులిన్ రకం, మోతాదు, వేళ, ఆఖరిసారి గొట్టంలో పోసిన ఆహారం, వేళ, బయలుదేరే ముందు షుగర్ ఎంత, దారిలో ఏ సెలైన్ ఎక్కుతోంది. బయలుదేరే ముందు షుగర్ చూడమనండి. అంబులెన్స్ ఆలస్యమైతే మరోసారి చూడమనండి. అంబులెన్స్‌లోని సిబ్బందికి "ఈయనకు పొద్దున ఇన్సులిన్ ఇచ్చారు, ఆ తరువాత ఆహారం లేదు" అని ఒక్క వాక్యం చెప్పండి. దారిలో గ్లూకోమీటరుతో చూడగలరు.

వేలి కొనపై చేసే పరీక్షలో ఒక మెలకువ ఉంది. ఆ వేలికి పండ్లరసమో, తేనెయో అంటి ఉంటే అంకె అబద్ధంగా ఎక్కువ వస్తుంది. రక్తపోటు బాగా పడిపోయినప్పుడు, చేతులు వాచినప్పుడు కూడా వేలి పరీక్ష నమ్మదగినది కాదు. అప్పుడు సిరలోని లేదా ధమనిలోని రక్తం తీసి చూస్తారు.

ప్రేమతో చేసే పొరపాట్లు

స్పృహ లేని తండ్రి పెదవుల మధ్య ఒక చెంచా జమ్‌జమ్ నీళ్లు, ఒక చుక్క తేనె పోయాలని బిడ్డలు తపించడం సహజం. ఆ ప్రేమను మేము గౌరవిస్తాము. కాని మింగలేని మనిషి నోట్లో పోసినది కడుపులోకి కాక ఊపిరితిత్తుల్లోకి వెళుతుంది. అక్కడ న్యుమోనియాకు కారణమవుతుంది. జమ్‌జమ్ ఇవ్వాలనుకుంటే నర్సుకు చెప్పండి. వైద్యులు అనుమతిస్తే గొట్టం శుభ్రం చేసే నీటికి బదులుగా ఆ కొద్ది నీటిని వాడగలరు. తడి గాజుగుడ్డతో పెదవులు అద్దగలరు. తేనె విషయంలో అది చక్కెరే అన్న సంగతి మరువరాదు. ఎవరికీ చెప్పకుండా గొట్టంలో తేనె నీళ్లు పోస్తే షుగర్ పెరుగుతుంది. ఆ అంకె చూసి ఇన్సులిన్ పెంచుతారు. మరునాడు మీరు తేనె పోయకపోతే షుగర్ పడిపోతుంది. మీ రహస్య ప్రేమకు రోగి మూల్యం చెల్లిస్తాడు.

రమజాను మాసంలో మరొక సంగతి. రోగికి ఉపవాసం నుంచి దివ్యఖుర్‌ఆన్‌లోని అల్‌బఖరా సూరా స్వయంగా మినహాయింపు ఇచ్చింది. "అబ్బాకు రోజా తప్పిపోతోంది" అని పగటి ఆహారాన్ని ఆపమని అడగడం అల్లాహ్ ఇచ్చిన వెసులుబాటును తిరస్కరించడమే అవుతుంది. తరువాత ఖజా, ఫిద్యాల విషయం మీ ఆలిమ్‌ను అడిగి తెలుసుకోండి. అలాగే ఇఫ్తార్, తరావీహ్ వేళల్లో తోడున్నవారంతా ఒకేసారి వెళ్లిపోతే ఆ వేళ పోయవలసిన ఆహారం తప్పిపోతుంది. ఒకరు వెళితే మరొకరు ఉండేలా చూసుకోండి.

ఇంటికి వచ్చాక

చాలామంది గొట్టంతోనే ఇల్లు చేరతారు. ఇక నర్సు ఇంటి ఇల్లాలే. ఆసుపత్రి వదిలే ముందు ఆమె స్వయంగా రెండు మూడుసార్లు నర్సు ఎదుట చేసి చూపాలి.

ప్రతిసారీ పోయడానికి ముందు ముక్కు దగ్గర గొట్టంపై ఉన్న గుర్తు పాత చోటనే ఉందో లేదో చూడండి. గుర్తు జరిగి ఉంటే, రోగి దగ్గుతుంటే, ఆయాసపడుతుంటే పోయవద్దు. తల వైపు 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తి ఉంచండి. పోశాక కనీసం అరగంట నుంచి గంట వరకు పడుకోబెట్టవద్దు. ఒక్కసారికి 200 మిల్లీలీటర్ల వరకు, వైద్యులు చెప్పిన వేళలకు, నిదానంగా పోయండి. ముందు, తరువాత సుమారు 30 మిల్లీలీటర్ల నీటితో గొట్టాన్ని కడగండి. జావను గుడ్డతో వడకట్టకపోతే గొట్టం పూడిపోతుంది. మాత్రలు నూరే ముందు అడగండి. నెమ్మదిగా కరిగేలా తయారైన మాత్రలను నూరరాదు. రెంటచింతల ఎండల సంగతి మీకు మేము చెప్పనవసరం లేదు. ఉదయం చేసిన పాల ఆహారాన్ని సాయంత్రం దాకా బయట ఉంచితే విరేచనాలు తప్పవు. ఏ పూటకు ఆ పూట తయారు చేయండి.

ఇన్సులిన్ వేసే ఇంట్లో ఒక నియమం గోడ మీద రాసుకోండి: గొట్టం సరిగా ఉంది, ఆహారం సిద్ధంగా ఉంది, షుగర్ చూశాము. ఈ మూడూ అయ్యాకనే సూది. గొట్టం ఊడిపోతే మీరే తిరిగి వేయవద్దు, షుగర్ చూసి ఆసుపత్రికి వెళ్లండి. షుగర్ 70 కన్నా తక్కువగా ఉండి గొట్టం సరైన చోట ఉంటే మూడు నాలుగు చెంచాల గ్లూకోజు పొడిని నీటిలో కలిపి గొట్టంలో పోసి, పావుగంట తరువాత మళ్లీ చూసి, వైద్యునికి ఫోన్ చేయండి. గొట్టం లేకపోయినా, అది సరిగా ఉందన్న నమ్మకం లేకపోయినా నోట్లో ఏమీ పోయక 108కి ఫోన్ చేయండి.

గొట్టం ఎల్లకాలం ఉండేది కాదు. పక్షవాతం వచ్చినవారిలో చాలామందికి మింగే శక్తి వారాల్లో తిరిగి వస్తుంది. వైద్యులు పరీక్షించి చెప్పాకనే నోటి ద్వారా మొదలుపెట్టాలి. నాలుగు వారాలు దాటినా శక్తి రాకపోతే పొట్ట మీద నుంచి నేరుగా అమర్చే గొట్టం గురించి అడగండి. ముక్కుకు, గొంతుకు బాధ తప్పుతుంది.

గురజాల పెద్దాయన రెండు వారాల తరువాత ఇంటికి వెళ్లారు. ఆయన కుమార్తె ఒక నోటు పుస్తకంలో గీతలు కొట్టి నాలుగు గడులు చేసింది: వేళ, షుగర్, ఇన్సులిన్, ఆహారం. చదువు తక్కువైన ఆమె తల్లి కూడా అంకెలు వేయడం నేర్చుకుంది. ఏ గడి ఖాళీగా ఉన్నా తరువాతి గడి నింపరాదని ఆ ఇంట్లో నియమం. మీ ఇంట్లో అటువంటి రోగి ఉంటే ఈ రోజే ఒక పుస్తకం కొని ఆ నాలుగు గడులు గీయండి.

దుఆ చేయడమూ, జాగ్రత్త తీసుకోవడమూ విశ్వాసికి వేర్వేరు పనులు కావు. వ్యాధిగ్రస్తులందరికీ అల్లాహ్ స్వస్థత చేకూర్చుగాక, వారిని చూసుకునేవారికి ఓర్పును, మెలకువను ప్రసాదించుగాక. ఆమీన్.